బాల్యములో మధుమేహము: ఎవరికి వచ్చును, ఎందుకు వచ్చును

ఎనిమిదేండ్ల పిల్లవానికి చక్కెరవ్యాధి ఉన్నదని వైద్యుడు చెప్పిననాడు ఆ ఇంట రెండు ప్రశ్నలు బయలుదేరును. మొదటిది తల్లిని ఉద్దేశించినది: వీనికి మిఠాయిలు అంతగా ఎందుకు పెట్టితివి? రెండవది ఉభయ వంశములను ఉద్దేశించినది: ఈ రోగము ఏ తాతనుండి, ఏ అవ్వనుండి దిగినది? ఇరుగుపొరుగువారు సైతము ఈ రెండింటిలో ఏదో ఒకదానిని అందుకొందురు. ప్రశ్నలు క్రొత్తవి కావు. సుశ్రుతుడు ప్రమేహమును సహజమనియు, అపథ్యనిమిత్తమనియు రెండు తెగలుగా విభజించెను. సహజము తల్లిదండ్రుల బీజదోషమువలన కలుగునది. రోగి కృశించి, దప్పితో బాధపడును. అపథ్యనిమిత్తము ఆహారవిహారముల తప్పువలన కలుగునది. రోగి స్థూలకాయుడై యుండును. ఆ ప్రాచీనకాలమున రోగులను ఇట్లు విడదీసి చూడగలుగుట గొప్ప సంగతియే. కాని పిల్లలలో సాధారణముగా కనబడు మధుమేహమును ఈ రెండు తెగలలో దేనియందు చేర్చబోయినను అది ఇమడదు. ఎందుకు ఇమడదో ఈ వ్యాసములో చూతము.

ఈ వ్యాధికి చాలకాలము ఇన్సులిన్‌పై ఆధారపడు మధుమేహము అను పేరుండెను. పెద్దలకు వచ్చు మధుమేహములోను పలువురికి కొంతకాలమునకు ఇన్సులిన్ అవసరమగును. కనుక చికిత్సనుబట్టి పేరు పెట్టుట సరికాదని తలచి, 1997 తరువాత వైద్యులు ఒకటవ రకము, రెండవ రకము అను పేర్లను స్థిరపరచిరి. మన ఊళ్లలో షుగరు అన్నప్పుడు మనస్సులో మెదలునది సాధారణముగా రెండవ రకము. నడివయస్సు, పెరిగిన పొట్ట, తగ్గిన నడక, వీనితో సంబంధమున్నది అదియే. ఆ రోగమునుగూర్చి విన్న మాటలను తెచ్చి పిల్లవాని రోగమునకు తగిలించుటవలననే తల్లిపై నింద పడుచున్నది.

కడుపులో జీర్ణకోశమునకు వెనుకగా క్లోమగ్రంథి యున్నది. దానిలో అక్కడక్కడ చిన్న చిన్న కణసముదాయములుండుటను 1869లో లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి గమనించెను. సుమారు పది లక్షలున్న ఈ ద్వీపికలలోని బీటా కణములు ఇన్సులిన్ అను హార్మోనును తయారుచేయును. మనము తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తములో చేరును. ఇన్సులిన్ ఉన్నప్పుడే కండరములు, క్రొవ్వు ఆ గ్లూకోజును తగినట్లు లోనికి తీసికొనగలవు. ఇన్సులిన్ లేనిచో రక్తములో చక్కెర పొంగిపొరలుచుండగా కణములు పస్తుండును. మూత్రపిండములు అదనపు చక్కెరను బయటికి తోయును. దానితోపాటు నీరు పోవును, అందుచే దప్పి. శరీరము తన క్రొవ్వును తానే కరగించుకొనును, అందుచే కృశించుట. క్రొవ్వు కరగునప్పుడు పుట్టు కీటోను ఆమ్లములు రక్తములో నిండినచో ప్రాణాపాయము. 1922 జనవరిలో కెనడాలోని టొరొంటో నగరమున 14 సంవత్సరముల లియొనార్డ్ థామ్సన్ అను బాలునికి ఇన్సులిన్ సూది వేయువరకు, ఈ రోగము వచ్చిన పిల్లలు కొన్ని నెలలకో, మహా అయిన రెండు మూడేండ్లకో మరణించెడివారు.

బీటా కణములు ఎందుకు నశించును? 1965లో బెల్జియము దేశపు గెప్ట్స్ అను శాస్త్రజ్ఞుడు, వ్యాధి బయటపడిన కొద్దికాలమునకే చనిపోయినవారి క్లోమములను సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. పెక్కింటిలో ద్వీపికలచుట్టు తెల్లకణములు ముట్టడివేసి యుండెను. సూక్ష్మజీవులను చంపవలసిన రక్షకభటులు ఇంటివారిమీదనే పడినారన్నమాట. 1974లో లండనులోని బొటాజో, డోనియాక్ మొదలగువారు రోగుల రక్తములో ద్వీపికలకు వ్యతిరేకముగా పుట్టిన ప్రతిరక్షకములను కనుగొనిరి. ఒకటవ రకపు మధుమేహము, ముఖ్యముగా పిల్లలలో కనబడునది, స్వయంరక్షక వ్యాధియని అట్లు తేలినది. ఇందులో బెల్లమునకు గాని, లడ్డూలకు గాని చోటులేదు. వ్యాధి వచ్చిన తరువాత తిండిలో లెక్క పాటింపవలసిన మాట నిజమే. అది వేరు సంగతి.

వంశము మాట

తీపి దోషము కాకున్న వంశదోషమేమో యని తోచును. దీనికి కొంత ఆధారమున్నది. ఐరోపా, అమెరికాలలోని లెక్కలనుబట్టి, కుటుంబములో ఎవరికిని ఈ వ్యాధి లేని బిడ్డకు అది వచ్చు సంభావ్యత సుమారు 250 లేక 300లో ఒకటి. అన్నకో చెల్లెలికో ఉన్నచో 100లో అయిదారు. తండ్రికున్నచో దాదాపు అంతే. తల్లికున్నచో మాత్రము 100లో రెండు మూడు. తల్లికంటె తండ్రినుండి అపాయము ఎక్కువగా ఎందుకు సంక్రమించునో ఎవరును తృప్తికరముగా చెప్పలేదు. తల్లిని నిందించువారు ఈ అంకెను ఒకసారి చూచుట మంచిది.

ఈ అంకెలను రెండు విధములుగా చదువవచ్చును. రోగియొక్క తోబుట్టువులకు అపాయము ఇతరులకంటె 15 రెట్లు ఎక్కువ యనుట నిజము. నూరుమంది తోబుట్టువులలో 94 మందికి వ్యాధి రాదనుటయు అంతే నిజము. మొదటిది భయపెట్టును, రెండవది ఊరడించును. రెండును ఒకే అంకె. పత్రికలలో ఇన్ని రెట్లు అను మాట కనబడినప్పుడెల్ల, దేనికి ఇన్ని రెట్లు అని అడుగుట విద్యార్థులు అలవరచుకొనవలెను.

ఇంకొక వింత యున్నది. క్రొత్తగా వ్యాధి సోకిన పిల్లలలో నూటికి 85 నుండి 90 మందికి కుటుంబములో పూర్వము ఎవరికిని ఆ వ్యాధి లేదు. దగ్గరి బంధువులకు అపాయము ఎక్కువైనప్పుడు రోగులలో ఎక్కువమంది అట్టి కుటుంబములనుండియే రావలదా? నల్లబల్లమీద ఒక చిన్న లెక్క వేసినచో చిక్కు విడిపోవును. లక్షమంది పిల్లలున్నారనుకొందము. వారిలో నూటికి ఒక్కరికి, అనగా వెయ్యిమందికి, ఇంట రోగి యున్నాడనుకొందము. వారిలో నూటికి 5 చొప్పున 50 మందికి వ్యాధి వచ్చును. మిగిలినవారు 99,000. వారిలో 300కు ఒకరి చొప్పున 330 మందికి వచ్చును. మొత్తము 380 మంది రోగులలో కుటుంబచరిత్ర గలవారు 50 మందియే, నూటికి సుమారు 13. అపాయము ఎక్కువగా గలవారి గుంపు చిన్నది. తక్కువగా గలవారి గుంపు మహా పెద్దది. అందుచేత మా వంశములో లేదు కదా, ఇది ఆ రోగము కాజాలదు అని ధైర్యపడి కూర్చుండుట తగదు.

జన్యువులలో ప్రధానమైనవి ఆరవ క్రోమోసోముపై గల హెచ్.ఎల్.ఏ. అను సముదాయమునకు చెందినవి. ఇవి ఏది తనది, ఏది పరాయిది అను విషయమును తెల్లకణములకు చూపు గుర్తులను నిర్మించును. 1970వ దశాబ్దిలో ఈ గుర్తులకును మధుమేహమునకును గల సంబంధము బయటపడినది. వీనిలో డి.ఆర్.3, డి.ఆర్.4 అను రకములు రెండును కలిసి వచ్చిన బిడ్డకు అపాయము అత్యధికము. వ్యాధినుండి కాపాడు రకములును కొన్ని గలవు. అయితే ఐరోపా జాతులలో అపాయకరమైన రకములు గలవారు చాలమంది. వ్యాధిగ్రస్తులు బహు కొద్దిమంది.

వంశమునకు ఎంత బలమున్నదో తూచుటకు ప్రకృతియే ఒక త్రాసు నిచ్చినది. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు జన్యువులన్నియు సమానము. వ్యాధి జన్యువుల చేతిలోనే యుండినచో ఒకరికి వచ్చినప్పుడు రెండవవారికి తప్పక రావలెను. కాని చాల పరిశీలనలలో అట్టి నూరు జంటలలో 30 నుండి 50 జంటలలోనే ఇద్దరికిని వచ్చినది. దీర్ఘకాలము కనిపెట్టి చూచినచో ఈ సంఖ్య ఇంకను పెరుగును; ఐనను కొందరు కవలల మధ్య పదులకొలది సంవత్సరముల ఎడముండును. జన్యువులు తలుపు గడియ తీసియుంచును. లోనికి తోసికొని వచ్చునది మరియొకటి.

సరిహద్దునకు ఇరువైపుల

ఆ మరియొకటి యేదో వెదకుటకు ఫిన్లండు దేశమునకు పోవలెను. లోకములో పిల్లల మధుమేహము అన్నిటికంటె ఎక్కువగా నున్న దేశమది. 1950 ప్రాంతములో అక్కడ 15 ఏండ్లలోపు పిల్లలు లక్షమందిలో ఏటేట సుమారు 12 మందికి ఈ వ్యాధి వచ్చుచుండెను. 2006 నాటికి ఆ సంఖ్య 60 దాటినది. ఆపైన పెరుగుట ఆగినది. అర్ధశతాబ్దిలో ఒక జాతి జన్యువులు అయిదు రెట్ల తేడా వచ్చునంతగా మారుట అసంభవము. మారినది వారి జీవనమే.

ఫిన్లండుకు తూర్పున రష్యాకు చెందిన కరేలియా యున్నది. రెండవ ప్రపంచయుద్ధమునకు పిమ్మట గీచిన సరిహద్దు ఈ రెంటిని విడదీయుచున్నది. అటును ఇటును అవే అడవులు, అవే సరస్సులు, అదే చలి, అదే సూర్యకాంతి. పరీక్షించి చూడగా మధుమేహమునకు అనుకూలమైన హెచ్.ఎల్.ఏ. రకములు రెండు ప్రక్కలను ఇంచుమించు సమానముగా నుండెను. కాని 1990–99 మధ్య ఫిన్లండు వైపున ఏటేట లక్షకు 40 మందికి పైగా పిల్లలు ఈ వ్యాధికి గురియగుచుండగా, కరేలియా వైపున ఏడు చిల్లర మాత్రమే. ఆరు రెట్ల వ్యత్యాసము!

ఆ కాలమున కరేలియా బీద ప్రాంతము. అక్కడి పిల్లల రక్తములో కామెర్లు కలిగించు హెపటైటిస్ ఏ వైరస్, కడుపులో పుండ్లు కలిగించు బాక్టీరియా మున్నగువానికి ప్రతిరక్షకములు ఫిన్లండు పిల్లలకంటె చాల ఎక్కువగా నుండెను. ప్రేగులలో నివసించు బాక్టీరియాల జాతులును వేరుగా నుండెను. పసితనమున నానావిధ సూక్ష్మజీవులతో పరిచయమైన రక్షణవ్యవస్థ క్రమశిక్షణ నేర్చుకొనుననియు, అతిశుభ్రమైన ఇంట పెరిగినది దారితప్పుననియు ఒక వాదము బయలుదేరినది. ఆకర్షణీయమైన వాదమే. కాని దానిని పట్టుకొని పిల్లలను మురికినీటికి అప్పగించుట మూర్ఖత్వము. అతిసారము, టైఫాయిడ్ తీసికొనిపోవు ప్రాణములముందు ఈ లాభము ఏపాటిది?

మన ఉపఖండమునకు సంబంధించిన సాక్ష్యమొకటి ఇంగ్లండులో దొరకినది. బ్రాడ్‌ఫర్డ్ నగరమున భారత ఉపఖండమునుండి, ముఖ్యముగా పాకిస్తానునుండి, వెళ్లి స్థిరపడిన కుటుంబములు పెక్కు గలవు. 1978–81లో అక్కడి ఆసియా పిల్లలలో ఈ వ్యాధి ఏటేట లక్షకు 3.1 గా నుండెను. 1988–90 నాటికి 11.7 ఆయెను. ఆ నగరమునందలి ఇతర పిల్లలలో మాత్రము అది 10.5 వద్దనే నిలిచియుండెను. పదేండ్లలో జన్యువులు మారవు. వలసవచ్చిన బిడ్డలు క్రొత్త ఊరి గాలితోపాటు ఆ ఊరి అపాయమును కూడ సంపాదించుకొనిరి.

అనుమానితులు

అయితే ఆ గాలిలో ఉన్నదేమిటి? అనుమానితులు చాలమంది, నేరము ఋజువైనవారు అరుదు. గర్భిణికి రుబెల్లా సోకిన పక్షమున పుట్టిన బిడ్డలలో మధుమేహము ఎక్కువగా కనబడినది. టీకా వచ్చిన పిమ్మట ధనిక దేశములలో ఆ కారణము దాదాపు తొలగినది. కాక్సాకీ బి అను ప్రేగు వైరస్‌పై అనుమానము బలముగా నున్నది. బీటా కణములపై ఆ వైరస్ పట్టుకొను గ్రాహకము గలదు. అమెరికా, ఫిన్లండు, జర్మనీ, స్వీడన్ దేశములలో 2004 నుండి ఎనిమిదివేలకు పైగా శిశువులను పుట్టినది మొదలు కనిపెట్టుచు, నెలనెల మలపరీక్షలు చేసిరి. ఈ జాతి వైరస్ ఒకటి వచ్చి త్వరగా పోయిన పిల్లలకంటె, ఒకే వైరస్ చాలకాలము ప్రేగులలో తిష్ఠవేసిన పిల్లలలో ద్వీపికలపై దాడి ఎక్కువగా మొదలైనట్లు 2019లో ప్రకటించిరి.

శిశువునకు ఆవుపాలు త్వరగా పట్టించుటయే కారణమని కొందరు గట్టిగా నమ్మిరి. ఈ నమ్మకమును పరీక్షించిన తీరు విద్యార్థులు తెలిసికొనదగినది. 15 దేశములలో అపాయము ఎక్కువగా గల 2,159 శిశువులకు, తల్లిపాలు చాలనప్పుడు, కొందరికి ఆవుపాల మాంసకృత్తులను ముక్కలుగా విడగొట్టిన పాలపొడిని, తక్కినవారికి మామూలు పాలపొడిని ఇచ్చిరి. సుమారు పదకొండేండ్లు వేచిచూచిరి. 2018లో ఫలితము వెలువడినది: మొదటి తెగలో నూటికి 8.4, రెండవ తెగలో 7.6 మందికి మధుమేహము. చెప్పుకోదగిన భేదము లేదు. విటమిన్ డి సంగతి ఇంకను తేలలేదు. ఉత్తర ఫిన్లండులో 1966లో పుట్టినవారిలో, శైశవమున దానిని క్రమముగా పుచ్చుకొన్నవారికి వ్యాధి చాల తక్కువగా వచ్చినది. కాని విటమిన్‌ను క్రమముగా ఇచ్చిన ఇండ్లు ఇంకెన్నో విషయములలోను వేరుగా నుండవచ్చును గదా. శిశువు బరువు మరీ వేగముగా పెరుగుటయు స్వల్పముగా అపాయమును పెంచుననుటకు కొన్ని ఆధారములు గలవు.

టీకాలమీద వచ్చిన అభియోగము మాత్రము విచారణలో నిలువలేదు. డెన్మార్కులో 1990 నుండి 2000 వరకు పుట్టిన ఏడు లక్షలకు పైబడిన పిల్లల లెక్కలను పరిశీలించి, చిన్ననాటి టీకాలకు ఈ వ్యాధితో సంబంధము లేదని 2004లో తేల్చిరి.

ఇన్ని దశాబ్దముల వెదకులాటలో, ఒక తల్లి ఫలానా పని చేసినందువలన ఆమె బిడ్డకు ఈ వ్యాధి వచ్చినదని వ్రేలు పెట్టి చూపదగినది ఏదియు దొరకలేదు.

రక్తములో ముందు జాడలు

జన్యువులును పరిసరములును గుంపులనుగూర్చి చెప్పగలవు గాని, ఫలానా పిల్లవానిని గూర్చి చెప్పజాలవు. ఆ పని కొంతవరకు చేయగలిగినవి ప్రతిరక్షకములు. దప్పి మొదలగుటకు నెలలు, తరచుగా సంవత్సరములు ముందే ఇవి రక్తములో పొడసూపును. కొందరిలో మొదటి రెండేండ్లలోనే కనబడును. అమెరికాలోని కొలరాడో, ఫిన్లండు, జర్మనీలలో పుట్టుక నుండి గమనించిన 13,377 మంది పిల్లల ఫలితములను 2013లో ఒకచోట చేర్చిరి. రెండు లేక అంతకు మించిన రకముల ప్రతిరక్షకములున్న పిల్లలలో పదేండ్లలో నూటికి 70 మందికి వ్యాధి బయటపడినది. ఒక రకము మాత్రమే యున్నవారిలో 15 మందికి లోపు. ఏదియు లేనివారిలో, 15 ఏండ్లు వచ్చువరకు, వెయ్యింటికి నలుగురికే. ఇంతటి తేడాను చూపగల ప్రమాదసూచిక ఇంకొకటి లేదు.

ముందు తెలిసినందున ప్రయోజనమేమి? ముందుగా ఇన్సులిన్ ఇచ్చి చూచిరి, నికొటినమైడు అను విటమిన్ ఇచ్చి చూచిరి; వ్యాధి ఆగలేదు. తెల్లకణముల దూకుడును తగ్గించు టెప్లిజుమాబ్ అను మందు మాత్రము వ్యాధిని సగటున రెండేండ్లు వాయిదా వేసినట్లు 2019లో వెల్లడియైనది. 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చినది. రెండేండ్ల వాయిదా అల్పముగా తోచవచ్చును. అయిదవ తరగతి పిల్లవాడు ఏడవ తరగతికి వచ్చువరకు సూదిలేకుండ ఉండుట ఆ ఇంటివారికి అల్పము కాదు. ఇటలీ 2023లో పిల్లలందరికి ఈ పరీక్షలు చేయుటకు చట్టమునే చేసినది. ఖర్చునుబట్టి చూడగా మన దేశములో అట్టిది ఇప్పట్లో జరుగునని నేననుకొనను.

బడిలో కనబడునది

మన దేశములో ఈ వ్యాధి లక్షకు ఇంతమంది అను లెక్కలో ఫిన్లండుకంటె ఎంతో తక్కువ. కాని పిల్లల సంఖ్య అపారము. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారము 20 ఏండ్లలోపువారిలో ఒకటవ రకపు రోగులు ఇక్కడ సుమారు 2 లక్షల 29 వేలమంది. ఏ ఇతర దేశమునందును ఇంతమంది లేరు. భారత వైద్య పరిశోధనా మండలి 2006లో యువ మధుమేహ రోగుల పట్టికను ప్రారంభించి, 2022లో ఒకటవ రకపు చికిత్సకు ప్రత్యేక మార్గదర్శకములను ప్రకటించినది. కుటుంబచరిత్ర లేనందునను, పిల్లలకు షుగరేమిటి యను భావమువలనను, పెక్కుమంది పిల్లలు రక్తము ఆమ్లపూరితమై, ఆయాసముతో, వాంతులతో, స్పృహ తప్పు స్థితిలో ఆసుపత్రి చేరుదురు. కడుపునొప్పి యనుకొని, జ్వరమనుకొని, గాలి సోకినదనుకొని గడచిన దినములే ప్రాణము మీదికి తెచ్చును.

ఈ ఘట్టమున ఉపాధ్యాయునికి ఒక పాత్ర ఉన్నదని ఇటలీలోని పార్మా అను మండలము చూపినది. 1991లో అక్కడి బడులలో గోడపత్రికలు అంటించి, ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును వ్యాధి తొలిలక్షణములను తెలియజేసిరి. అంతకు ముందు క్రొత్త రోగులలో నూటికి 78 మంది పిల్లలు ఆమ్లస్థితిలో ఆసుపత్రికి వచ్చుచుండిరి. తరువాతి ఆరేండ్లలో ఆ సంఖ్య 12.5కు దిగినది. ఇందులో క్రొత్త మందు లేదు, యంత్రము లేదు. గోడపత్రికలో ముఖ్యముగా చెప్పినది ఒక్కటే: ప్రక్క తడుపుట మానివేసిన పిల్లవాడు మరల ప్రక్క తడుపుచున్నాడా?

తరగతిలో కనబడు గుర్తులు అంతకంటె కష్టమైనవి కావు. గంటగంటకు మూత్రమునకు సెలవడుగుట, సీసాలు సీసాలుగా నీరు త్రాగుట, బాగుగా తినుచునే కొన్ని వారములలో చొక్కా వదులగునంత చిక్కిపోవుట, చురుకైనవాడు బల్లపై తలవాల్చుట. ఇవి కలిసి కనబడినప్పుడు సెలవడుగుచున్నాడని కసరుకొనక, ఆ పూటనే ఇంటివారికి కబురుపెట్టి దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. వ్రేలికొసనుండి ఒక్క రక్తపుబొట్టు చాలును. ఉపకరణము కొన్ని క్షణములలో అంకె చూపును. ఈ లక్షణములతోపాటు చక్కెర నూరు మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నచో, మరునాటివరకు ఆగక అదే దినమున ఇన్సులిన్ ఇవ్వగల ఆసుపత్రిలో చేర్పించవలెను. ఇన్సులిన్ మొదలైన పిమ్మట ఎవరేమి కషాయము చెప్పినను దానిని ఒక్కదినమైనను మాన్పరాదు.